కారు పొగ ఎప్పుడొస్తోంది?

పంజాగుట్టలో ట్రాఫిక్ ఆగినప్పుడు కారులోకి కాలిన వాసన వస్తే, అది మనదా, పక్కనున్న లారీదా అని తేల్చడమే మొదటి చిక్కు. ఏసీని రీసర్క్యులేషన్‌లో, అంటే లోపలి గాలినే తిప్పే సెట్టింగ్‌లో, పెట్టి చూడమంటారు. అప్పటికీ తగ్గకపోతే వాసన కారు లోపలే పుడుతోందని, డాష్‌బోర్డు వెనక వైర్లను అనుమానించాలని అర్థం. తగ్గితే బయటిది. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. బయటి గాలి లోపలికి వచ్చేది బానెట్‌కూ ముందు అద్దానికీ మధ్యనున్న జాలీలోంచే. కాబట్టి ఆ బయటి వాసన మన ఇంజిన్‌ది కూడా కావచ్చు. పక్కకి ఆపి, దిగి, బానెట్ దగ్గరా నాలుగు చక్రాల దగ్గరా వెనక సైలెన్సర్ దగ్గరా విడివిడిగా వాసన చూస్తేగానీ తేలదు.

పైగా ముక్కు తొందరగా అలవాటు పడిపోతుంది. ఏ వాసనైనా కొన్ని నిమిషాలు పీలిస్తే మనకు తెలియడం తగ్గిపోతుంది. అందుకే గంటసేపటి నుంచి నడుపుతున్నవాళ్లకు పట్టని వాసన అప్పుడే కారెక్కినవాళ్లకు పట్టేస్తుంది. వాళ్లు “ఏదో మాడుతోంది” అంటే కొట్టిపారేయకండి.

పొగ సంగతికొస్తే, మనం మెకానిక్‌కి రంగు చెబుతాం. అనుభవమున్న మెకానిక్ “ఎప్పుడొస్తోంది సార్?” అని అడుగుతాడు. నన్నడిగితే రంగుకంటే ఈ ప్రశ్నే ముఖ్యం. ఏం కాలుతోందో రంగు చెబుతుంది. ఎందుకు కాలుతోందో తెలియాలంటే వేళ తెలియాలి.

రంగు అనేది కణాల సైజును బట్టి ఉంటుంది. కంటికి కనిపించే కాంతి తరంగాల పొడవు సుమారు 400 నుంచి 700 నానోమీటర్లు. ఇంజిన్ ఆయిల్ సగం కాలి బయటికొస్తే దాని తుంపరల్లో చాలావరకు అంతకంటే చిన్నవి. అవి నీలి కాంతిని మిగతా రంగులకంటే ఎక్కువగా చెదరగొడతాయి కాబట్టి పొగ నీలంగా కనిపిస్తుంది. నీటి తుంపరలు పెద్దవి, అన్ని రంగులనూ దాదాపు సమానంగా చెదరగొడతాయి, అందుకే తెలుపు. మసి కాంతిని మింగేస్తుంది. నీలిపొగను గుర్తుపట్టాలంటే దాని వెనక చీకటిగా ఉండాలి. ఎండలో ఆకాశం వైపు చూస్తే అదే పొగ గోధుమరంగులో కనిపించి తికమకపెడుతుంది.

జనవరి ఉదయం కారు స్టార్ట్ చేయగానే సైలెన్సర్ నుంచి తెల్లగా వస్తే టెన్షన్ పడక్కర్లేదు. పెట్రోల్‌లోని హైడ్రోజన్ ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. లీటరు పెట్రోల్ కాలితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. చలిగాలికి ఆ ఆవిరి తుంపరలుగా మారి కనిపిస్తుంది, అంతే. ఏప్రిల్ మధ్యాహ్నం, ఇంజిన్ బాగా వేడెక్కాక కూడా తెల్లపొగ దట్టంగా వస్తూ, తియ్యటి వాసన ఉంటే మాత్రం వేరే కథ. ఆ తీపి, ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్‌ది. ఇంజిన్ పైభాగానికీ సిలిండర్లకూ మధ్యనుండే ప్యాకింగ్ (హెడ్ గ్యాస్కెట్) పోయి కూలెంట్ సిలిండర్‌లోకి దిగుతుండవచ్చు. ఇంజిన్ చల్లారాక కూలెంట్ మట్టం చూస్తే అనుమానం సగం తీరుతుంది. వేడి మీద రేడియేటర్ మూత జోలికి వెళ్లొద్దు. అక్కడ జరుగుతున్నది ప్రెషర్ కుక్కర్ పనే. బయటి గాలి పీడనం మీద ఇంకో బార్ పీడనం చేరితే నీరు 120 డిగ్రీల దగ్గర గానీ మరగదు. మూత తీయగానే ఆ పీడనం పోయి, నీరంతా ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. తియ్యటి వాసన కారు లోపలే వస్తూ, ముందు అద్దానికి జిడ్డు ఆవిరి పడుతుంటే వేడి కూలెంట్ పారుతూ కారు లోపల వెచ్చదనమిచ్చే హీటర్ కోర్ లీకవుతున్నట్టు. గ్లైకాల్ విషం. రుచికి తియ్యగా ఉండటంతో కారిన చోట కుక్కలు నాకుతాయి, వెంటనే కడిగేయాలి.

ఇంజిన్ “ఆయిల్ తాగుతోంది” అన్నప్పుడు వేళ ఎంత పనికొస్తుందో చూడండి. రాత్రంతా ఆగిన కారు పొద్దున స్టార్ట్ చేయగానే ఒక గుప్పెడు నీలిపొగ వదిలి మామూలైపోతే, వాల్వుల వెంట ఆయిల్ జారకుండా ఆపే రబ్బరు సీళ్లు గట్టిపడి ఆయిల్ రాత్రి మెల్లగా కిందికి జారిందన్నమాట. ఫ్లైఓవర్ దిగుతూ యాక్సిలరేటర్ వదిలేసి, కింద మళ్లీ తొక్కగానే పొగ వచ్చినా అనుమానం సీళ్ల మీదే. కాలు తీసినప్పుడు ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారిలో (ఇంటేక్‌లో) పీడనం బాగా పడిపోయి ఆయిల్‌ను లాగుతుంది. అలాకాకుండా లోడుతో ఎత్తు ఎక్కుతున్నంతసేపూ పొగ వస్తుంటే పిస్టన్ చుట్టూ ఉండి ఆయిల్‌ను పైకి రానీయని రింగులు అరిగి ఉండొచ్చు. సీళ్ల పని ఒక ఖర్చు, రింగుల పని దానికి ఎన్నో రెట్లు. సైలెన్సర్ శుభ్రంగా ఉండి బానెట్ కిందనుంచి మాత్రమే ఆయిల్ మాడు వాసన వస్తే, చాలాసార్లు ఇంజిన్ పైమూత (టాపెట్ కవర్) ప్యాకింగ్ దగ్గర కారిన చుక్కలు, ఇంజిన్ పొగ బయటికొచ్చే వేడి గొట్టాల (మానిఫోల్డ్) మీద పడుతున్నట్టే.

నల్లపొగ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. ఇంధనం ఎక్కువ, గాలి తక్కువ. ముందు ఎయిర్ ఫిల్టర్ చూడాలి, తర్వాత ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లు. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్6 (కాలుష్య ప్రమాణం) డీజిల్ కార్లలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది అప్పుడప్పుడు 600 డిగ్రీల వరకు వేడెక్కి, పట్టిన మసిని కాల్చుకుంటుంది. ఆ వేడి వాసన జబ్బు కాదు.

క్లచ్ మాడిన వాసన ఈ ఊళ్లో అందరికీ పరిచయమే. ఫ్లైఓవర్ వాలు మీద బ్రేకు వేయకుండా హాఫ్ క్లచ్‌తో కారును నిలబెట్టే అలవాటే దానికి కారణం. వాసన ఒకసారి వచ్చిపోతే ఫరవాలేదు. ఆర్‌పీఎం పెరుగుతున్నా వేగం పెరగకపోతే ప్లేటు అయిపోయినట్టే. బ్రేకుల వాసన ఇంతకంటే ప్రమాదం. శ్రీశైలం డ్యామ్ వైపు ఘాట్ దిగేటప్పుడు అదేపనిగా బ్రేకు తొక్కితే ఆ వేడి బ్రేక్ ఆయిల్‌కు చేరుతుంది. డాట్ 3 రకం కొత్త ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 140కి పడిపోతుంది. మరిగితే ఆవిరి బుడగలు పుట్టి పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. సెకండ్ గేర్‌లో దిగడమే మేలు.

కుళ్లిన కోడిగుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. అది సైలెన్సర్ వైపు నుంచి వస్తే పొగలోని హానికర వాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌నూ ఇంధనం మోతాదునూ చూపించుకోవాలి. బానెట్ నుంచి వస్తే ఓవర్‌ఛార్జ్ అవుతున్న బ్యాటరీ కావచ్చు. అలాంటి బ్యాటరీ హైడ్రోజన్ కూడా వదులుతుంది కాబట్టి దాని దగ్గర నిప్పురవ్వ పుట్టకూడదు.

ఘాటుగా ముక్కు మండించే ప్లాస్టిక్ వాసనకు మాత్రం నింపాదిగా వేళ కనిపెట్టే పని పెట్టుకోవద్దు. వైర్ల పైనుండే పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, ముక్కు మండేది దానివల్లే. రోడ్డు మీది ప్లాస్టిక్ కవరు సైలెన్సర్‌కి అతుక్కున్నా ఇలాంటి వాసనే వస్తుంది గానీ, అది తేల్చాల్సింది కారు ఆపి అందరూ దిగాకే. ఎలుకలు కొరికిన వైరు, రిలే (ఎక్కువ కరెంటు స్విచ్ గుండా పోకుండా చూసే పరికరం) లేకుండా బిగించిన ఫాగ్ లైట్లు మామూలు అనుమానితులు. ఇంజిన్ ఆపేయండి. మంటా పొగా ఏమీ లేకపోతే, చేయి పెట్టడం తెలిసినవాళ్లు బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయొచ్చు. బానెట్ సందుల్లోంచి పొగ వస్తుంటే దాన్ని ఎత్తవద్దు, గాలి తగిలి మంట ఒక్కసారిగా లేస్తుంది. దూరంగా జరిగి 101కి ఫోన్ చేయండి.