చాక్లెట్ కవర్ వెనక ఆముదం, గుగ్గిలం గింజ

మొన్న గుణుపురంలో చాక్లెట్ కవర్ వెనక చిన్నక్షరాలు చదువుతుంటే మా అమ్మమ్మ "476 ఏటిరా, ఫోన్ నంబరా?" అంది. ఫోన్ నంబరు కాదు, చాక్లెట్‌లో కలిపే ఓ పదార్థానికి పెట్టిన నంబరు, ఆముదంలోంచి తీసేదే అమ్మమ్మా అంటే నమ్మలేదు, "నీకు చిన్నప్పుడు ఆముదం పట్టాలంటే ముగ్గురం పట్టుకోవాల్సొచ్చీది, ఇప్పుడు డబ్బులిచ్చి తింతన్నావా" అని ఒకటే నవ్వు.

కవర్ మీద కనిపించే కోకో పేర్ల తికమక 1828లో మొదలైంది. అంతవరకు చాక్లెట్ అంటే తాగేదే. ఆ ఏడాది నెదర్లాండ్స్‌లో వాన్ హౌటెన్ వాళ్ళు కోకో ముద్దని ప్రెస్‌లో పెట్టి కొవ్వు పిండేసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నారు, మన గానుగలో నూనె ఓ పక్కకి తెలకపిండి ఓ పక్కకి పోయినట్టే. దాంతో ఒకటే గింజకి మూడు పేర్లు. నూరిన ముద్ద కోకో మాస్, దాన్నే కోకో లిక్కర్ అని కూడా అంటారు (మందు కాదు, కంగారు పడకండి), పిండిన కొవ్వు కోకో బటర్, మిగిలిన పిప్పి పొడి చేస్తే కోకో పౌడర్. 1847లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఫ్రై కంపెనీ ఆ కొవ్వునే మళ్ళీ పౌడర్, పంచదారలో కలిపి కొరుక్కుతినే చాక్లెట్ చేసింది.

చిక్కల్లా కోకో బటర్ ఖరీదుతోనే. కరిగిన చాక్లెట్ అచ్చులోకి సాఫీగా జారాలంటే బటర్ ఎక్కువ పొయ్యాలి, దానికి బదులు 322 నంబరున్న లెసిథిన్ అనే పదార్థం, మా అమ్మమ్మ అడిగిన 476 కాస్త వేస్తే తక్కువ బటర్‌తోనే జారిపోద్ది.

ఇంకా చవగ్గా కావాలంటే వేరే కొవ్వు కలపాలి, దీనిమీద యూరప్‌లో పెద్ద గొడవే జరిగింది. 1973లో బ్రిటన్ యూరప్ కూటమిలో చేరింది, వాళ్ళు వేరే కొవ్వులు కలుపుతారు, ఫ్రాన్స్ బెల్జియం వాళ్ళేమో అది చాక్లెట్టే కాదన్నారు, తేలేసరికి 2000 వచ్చింది. చివరికి 5 శాతం దాకా కలపొచ్చు, అదీ ఆరు రకాలే అన్నారు: పామ్, షియా (ఆఫ్రికా చెట్టు గింజ), ఇల్లిపె (బోర్నియో చెట్టు గింజ), కోకమ్, మామిడి టెంక, సాల్.

సాల్ అంటే ఒడియావాళ్ళ సాళ, మన గుగ్గిలం చెట్టు! కోరాపుట్, రాయగడ కొండల్లో ఎండాకాలం చివర ఆడవాళ్ళు రాలిన గింజలు ఏరి, వాటికుండే రెక్కలు కాల్చి, కొట్టి పప్పు తీస్తారు. మామిడి టెంకైతే తిండిగింజలు నిండుకున్న నెలల్లో అక్కడ అంబలి అయిద్ది. ఆ టెంక కొవ్వే యూరప్ చాక్లెట్‌లో కూచుంటే 2014 దాకా కవర్ మీద వెజిటబుల్ ఫ్యాట్ అని రెండు ముక్కలు రాస్తే సరిపోయేది, అంతే, ఏ చెట్టుదో రాస్తే వాళ్ళ సొమ్మేం పోయేదో నాకైతే అర్థం కాదు.

కవర్ వెనక ఏది ఎక్కువుంటే అది ముందు రాస్తారు. మా వీధి కొట్లో రెండ్రూపాయల బిళ్ళ తిప్పి చూశా, మొదట పంచదార, వెంటనే హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్, అంటే మన డాల్డా చుట్టమే, కోకో ఎక్కడో చివర్న ఉంది. ముందువైపు చూస్తే చాక్లెట్ అన్న మాటే లేదు, "చోకో" అని ఉంది.