“మీరు చేస్తేనే వింటాడు అయ్యగారూ”: ప్రార్థన మీద అపోహలు, వాస్తవాలు

సంఘంలో ఎవరింట్లో కష్టమొచ్చినా నా ఫోన్ మోగుద్ది, మోగాల్సిందే, పాస్టర్ ఉండేది అందుకేగా. కాకపోతే ఎక్కువమంది నోటెంట వచ్చే మాట ఒకటే, “అయ్యగారూ మీరు చేస్తే ఇంటాడు, మేం చేస్తే యాడ ఇంటాడు”. ఈ మాట దగ్గర మొదలై అప్పులదాకా పోయినోళ్ళని చూశా, అందుకే ముందు దీని సంగతి తేలుద్దాం.

అపోహ: దేవుడు పెద్ద దైవజనుల ప్రార్థనే ఆలకిస్తాడు.

వాస్తవం: యేసు ప్రభువు తన శిష్యులకి ప్రార్థన నేర్పితే మొదటి మాటే “పరలోకమందున్న మా తండ్రీ”. ఆ శిష్యులు ఎవరు? చేపలు పట్టేవాళ్ళు, సుంకం వసూలు చేసేవాడు. మత్తయి 6లో దానికి ముందు వచనంలోనే, మీరు అడక్కముందే మీకేం కావాలో మీ తండ్రికి తెలుసని ఉంది. అట్టాంటి తండ్రి దగ్గరికి పోను, సోమవారం కలెక్టరాఫీసు కాడ అర్జీ పట్టుకుని తెలిసిన మనిషి కోసం ఎతుక్కున్నట్టు ఈ తిరుగుడేంది?

కందుకూరు వైపు నుంచి ఒకామె వచ్చింది, పొగాకు గ్రేడింగ్‌కి పోయే మనిషి, కొడుక్కి ఫిట్స్. సంచిలోంచి బొటనవేలంత ప్లాస్టిక్ సీసా తీసింది, ప్రార్థన చేసిన నూనెంట, పైన ఒకాయన ఫోటో, కింద ఫోన్‌పే నంబర్. మూత తీసి వాసన చూశా, కొబ్బరినూనె. డబ్బు పోతే పోయింది అనుకోవచ్చు, మాత్ర వేస్తే విశ్వాసం లేనట్టేనని ఎవరో చెప్తే మాత్రలు కూడా ఆపేసిందంట, పిల్లోడు మళ్ళీ పడిపోయాడు. ఫిట్స్ మాత్రలు ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికొస్తదమ్మా, ముందు డాక్టర్ దగ్గరికి పదండి అన్నా. ప్రార్థన చెయ్యండయ్యా అంది. మీరు చెయ్యండి, నేను ఆమేన్ అంటా అన్నా. చాలాసేపు కొంగు నలుపుతా కూచుని, “నాయనా, పిల్లోడు పడిపోతన్నాడు, నాకు భయంగా ఉండాది” అంది, అంతే, ఇంక మాట రాలా. దానికి నేను చేర్చాల్సింది ఏమీ కనపడలా. పిల్లోడికి మాత్రలు ఇప్పటికీ నడుస్తున్నాయి.

నూనె తప్పని నేను అన్లేదు. యాకోబు పత్రిక 5లో సంఘపు పెద్దలు నూనె రాసి ప్రార్థన చెయ్యాలని ఉంది, రేటు మాత్రం లేదు. డబ్బిచ్చి దేవుని వరం కొందామనుకున్న సీమోనుకి పేతురు ఏం సమాధానం చెప్పాడో అపొస్తలుల కార్యములు 8లో చదువుకోండి. నన్ను ప్రార్థన చెయ్యమని అడగొద్దని కాదు, ఒకరికోసం ఒకరం చెయ్యాల్సిందే, నాకోసం మీరు కూడా చెయ్యాలి. మీ నోరు మూసుకుని నా నోటికి అప్పజెప్పడమే వద్దంటున్నా.

అపోహ: జవాబు రాలేదంటే ఇంట్లో ఏదో పాపముంది.

వాస్తవం: బిడ్డని పోగొట్టుకున్న తల్లి మొహాన ఈ మాట అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుద్ది. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి ఎవరి పాపం అనడిగితే వీడిదీ కాదు, వీడి అమ్మానాన్నలదీ కాదన్నాడు ప్రభువు. అపొస్తలుడు పౌలు తన ఒంట్లో ముల్లులాంటి బాధని తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు, దేవుడు తియ్యలేదు, కృప ఇచ్చాడు. సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో సాక్షాత్తు కుమారుడైన యేసే తండ్రీ ఈ శ్రమల గిన్నె తొలగించమన్నాడు. ఆయనలో ఏం పాపముందంటారు?

మన ఒంగోలు ప్రార్థనా కొండే చూడండి. 1854 జనవరి 1 పొద్దున నెల్లూరు మిషన్ జివెట్ దొర, దొరసాని, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కి ఒంగోలుకి మిషనరీని పంపమని అడిగారు. వాళ్ళడిగిన మిషనరీ, క్లౌ దొర, ఇక్కడికొచ్చింది పన్నెండేళ్ళకి, 1866లో. వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకుంది 1878 జూలై 3న, అది కూడా పెద్ద కరువు తర్వాత. (కొండెక్కి చేస్తే ఎక్కువ వింటాడా అంటే, వినడు. మోకాళ్ళ నొప్పులోళ్ళు మంచం మీదే చేసుకోండి.)

ఇంకోటి, దీన్ని అపోహ అనడానికి నాకు మనసొప్పదు. యూత్ మీటింగ్‌లో ఒక కుర్రాడు, “తండ్రీ అంటుంటే మా నాయన తాగొచ్చి గుమ్మంలో నిలబడ్డట్టే ఉంటదన్నా, నోరు రాదు” అన్నాడు. అట్టాంటోళ్ళు చాలామంది ఉన్నారు, బయటికి చెప్పరు. వాళ్ళకి నేను చెప్పేదొకటే, ఆ పిలుపు కోసం బలవంతపడొద్దు, ప్రభువా అనే మొదలుపెట్టండి. తల్లిదండ్రులు విడిచినా యెహోవా చేరదీస్తాడని కీర్తన 27లో ఉంది, తల్లి మరిచినా నేను మరవనని యెషయా 49లో ఉంది. ఆ కుర్రాడు ఇప్పటికీ ప్రభువా అనే అంటాడు, నేనేం దిద్దలా.

మిగతావి గబగబా. గ్రాంథికంలో చెయ్యాలా? అక్కర్లా. మైకులో అరవాలా? పక్కింటోళ్ళు పడుకోవద్దా? ఏడుపు రాకపోతే ఆత్మ లేనట్టా? కాదు. ఉపవాసముంటే కచ్చితంగా ఇస్తాడా? తండ్రితో బేరమేంది. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళు మాత్రం డాక్టర్ని అడక్కుండా శుక్రవారం ఉపవాసానికి రాకండి, వచ్చినా టిఫిన్ తిని రండి, నేనేమీ అనుకోను.