ఒళ్లు రష్యాది, గుండె ఉక్రెయిన్‌ది

2024 డిసెంబరు 9న రష్యాలోని కాలినిన్‌గ్రాడ్ రేవులో ఒక కొత్త యుద్ధనౌక మీద మన నౌకాదళ జెండా ఎగిరింది. పేరు ఐఎన్ఎస్ తుషిల్. రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ ఆ వేడుకకు వెళ్లారు. కట్టింది అక్కడి యాంతర్ షిప్‌యార్డు. ఉక్రెయిన్ మీద రష్యా పూర్తిస్థాయి దాడికి దిగి అప్పటికి మూడేళ్లు కావస్తోంది. అయినా ఆ నౌకను నడిపే టర్బైన్ ఇంజిన్లు ఉక్రెయిన్‌లో తయారైనవే.

ఈ సంగతి తెలిసినప్పుడు నాకు ముందుగా వచ్చిన అనుమానం ఇదే: అంత శత్రుత్వం ఉన్నప్పుడు రష్యా వేరే ఇంజిన్ పెట్టేసుకోవచ్చు కదా? జలాంతర్గాములు, రాకెట్లు చేసే దేశానికి ఒక నౌక ఇంజిన్ కరువా? జవాబు కోసం వెతుకుతూ పోతే నీళ్లకీ వేగానికీ ఉన్న లెక్క దగ్గర తేలాను.

విశాఖ బీచ్‌లో మోకాళ్ల లోతు నీళ్లలో నడిచినవాళ్లకి ఆ లెక్క సగం తెలిసినట్టే. మెల్లగా అడుగేస్తే నీళ్లు దారిస్తాయి. కాస్త తొందరపడితే తొడలు పట్టేస్తాయి. నౌకకైతే వేగం రెట్టింపు కావాలంటే దాదాపు ఎనిమిది రెట్ల శక్తి కావాలి. తుషిల్ లాంటి నౌక ఉరికితే 30 నాట్స్, అంటే గంటకు సుమారు 55 కిలోమీటర్లు వెళ్లగలదు. మామూలుగా గస్తీ తిరిగేటప్పుడు 14 నాట్స్ చాలు. ఈ రెండింటి మధ్య శక్తి తేడా ఎంతో లెక్కేయండి. నెమ్మది నడకకు కావలసింది పరుగుకు కావలసిన దాంట్లో పదో వంతే.

చిక్కంతా ఇక్కడే. యుద్ధనౌక తన జీవితంలో ఎక్కువ భాగం నెమ్మదిగానే తిరుగుతుంది. కానీ పరుగెత్తాల్సిన ఆ కొద్దిసేపు పూర్తి శక్తి చేతిలో ఉండాలి. గ్యాస్ టర్బైన్ చిన్న చోటులో ఇమిడిపోయి బోలెడంత శక్తినిస్తుంది, కొన్ని నిమిషాల్లో సిద్ధమవుతుంది. విమానం ఇంజిన్‌కి దగ్గరి చుట్టం. కానీ దాన్ని సగానికి తగ్గించి నడపబోతే ఇంధనం సగానికి తగ్గదు. లోపల గాలిని నొక్కి పంపే కంప్రెసర్ ఉంటుంది. టర్బైన్ పుట్టించే శక్తిలో సగానికి పైగా దాన్ని తిప్పడానికే పోతుంది. బయటికి పని తక్కువైనా ఆ ఖర్చు మాత్రం అదే లెక్కన తగ్గదు.

ఇద్దరికి కాఫీ కాచడానికి ఎవరూ పెళ్లి గాడిపొయ్యి వెలిగించరు కదా. ఈ నౌక రూపకర్తలు చేసింది కూడా అదే. రెండు చిన్న టర్బైన్లు, రెండు పెద్దవి పెట్టారు. మామూలు ప్రయాణానికి చిన్నవి. ఉరకాల్సి వస్తే పెద్దవి కూడా అందుకుంటాయి. అన్నిటి బలాన్నీ కలిపి ప్రొపెల్లర్లకు అందించే గేర్‌బాక్సులు ఈ ఏర్పాటుకి ప్రాణం. ఇంజినీరింగులో నాకు బాగా నచ్చేది ఇలాంటి పనే: ఒకే యంత్రాన్ని సర్వ సమర్థంగా చేయాలని కొట్టుకోకుండా, రెండు పనులకు రెండు యంత్రాలు పెట్టి వాటి మధ్య పొత్తు కుదర్చడం.

ఆ టర్బైన్లు చేసేది దక్షిణ ఉక్రెయిన్‌లోని మికొలాయివ్ నగరంలో ఉన్న జోర్యా-మాష్‌ప్రొయెక్ట్. సోవియట్ కాలంలో దీంట్లో ఇబ్బందేమీ లేదు, అంతా ఒకే దేశం. టర్బైన్లు అక్కడ చేసేవారు, నౌకలు బాల్టిక్ తీరంలో కట్టేవారు. 1991లో ఆ రెండింటి మధ్య సరిహద్దు గీత పడింది. అయినా వ్యాపారం సాగింది.

మన కథ 1997లో మొదలైంది. ఆ ఏడాది నవంబరులో భారత్ మూడు ఫ్రిగేట్ల (మధ్యస్థాయి యుద్ధనౌకల) కోసం రష్యాతో ఒప్పందం చేసుకుంది. పాత సోవియట్ క్రివాక్ తరగతిని తీసుకుని, మన అవసరాలకు తగ్గట్టు బాగా మార్చి గీసిన నమూనా అది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో తల్వార్, త్రిశూల్, తబర్ తయారయ్యాయి. క్షిపణి వ్యవస్థ పరీక్షల్లో లోపాలు బయటపడి తల్వార్ ఆలస్యమైంది, చివరికి 2003 జూన్‌లో చేరింది. తర్వాత 2012, 2013లో తేగ్, తర్కశ్, త్రికండ్ వచ్చాయి. ఇవి మూడూ యాంతర్‌లో కట్టినవి. పేర్లన్నీ ఆయుధాలవే. తర్కశ్ అంటే మన అమ్ములపొది.

మన కోసం గీసిన ఈ నమూనా రష్యాకే నచ్చింది. తన నల్లసముద్ర దళానికి ఇలాంటివే ఆరు కట్టాలనుకుంది. మూడింటికి ఇంజిన్లు ముందే అందడంతో అవి తర్వాత పూర్తయ్యాయి. మిగతా మూడూ షిప్‌యార్డులో ఉండగా 2014లో క్రిమియాను రష్యా కలుపుకుంది. ఉక్రెయిన్ టర్బైన్లు ఇవ్వడం ఆపేసింది. హల్, అంటే నౌక ఒళ్లు, సిద్ధం, గుండె లేదు.

వేరే ఇంజిన్ పెట్టేస్తే సరిపోదా అన్న నా అనుమానం ఇక్కడే తీరింది. గ్యాస్ టర్బైన్ పీల్చే గాలి చాలా ఎక్కువ. ఆ గాలి లోపలికి రావడానికీ, వేడి పొగ పైకి పోవడానికీ పెద్ద పెద్ద గొట్టాలు ఒక్కో అంతస్తునూ చీల్చుకుంటూ వెళ్తాయి. గేర్‌బాక్సు ఆ టర్బైన్ వేగానికి తగ్గట్టే చేసింది. ప్రొపెల్లర్లను తిప్పే షాఫ్టులు ఆ గేర్‌బాక్సుకి తగ్గట్టు అమర్చినవి. బరువు మారితే నౌక నిలకడే మారుతుంది. కాబట్టి ఇంజిన్ మార్చడమంటే నౌకను మళ్లీ గీయడమే.

చివరికి ఆ ఆగిపోయిన నౌకల్లో రెండింటిని భారత్ కొన్నది. 2018 ఒప్పందం అది. టర్బైన్లు నేరుగా ఉక్రెయిన్ దగ్గర మనం కొని కాలినిన్‌గ్రాడ్‌కి పంపాం. ఒకరితో ఒకరు మాట్లాడుకోని ఇద్దరి పనితనం మన చేతుల మీదుగా ఒకే నౌకలో కలిసింది. రష్యా దళం కోసం అడ్మిరల్ బుతకోవ్ అన్న పేరుతో మొదలైన నౌకే తుషిల్. అడ్మిరల్ ఇస్తోమిన్ కావలసినది తమాల్ అయి, 2025 జులై 1న అదే కాలినిన్‌గ్రాడ్‌లో మన దళంలో చేరింది. విదేశంలో కట్టించుకున్న చివరి యుద్ధనౌక ఇదేనని అప్పుడు నౌకాదళం చెప్పింది.

ఈ నౌకల ఫొటో చూస్తే పక్క గోడలు నిట్టనిలువుగా ఉండవు, వాలి ఉంటాయి. అందం కోసం కాదు. సైకిల్ వెనక ఉండే ఎర్ర రిఫ్లెక్టర్‌ని భూతద్దంతో చూడండి. గది మూలల్లాంటి బుల్లి బుల్లి మూలలు వందలకొద్దీ కనిపిస్తాయి. ఎటు నుంచి వెలుతురు పడినా వచ్చిన దారినే వెనక్కి పంపడం ఆ మూలల గుణం. నౌక మీద గోడా డెక్కూ లంబంగా కలిసిన ప్రతి చోటా శత్రువు రాడార్‌కి అలాంటి రిఫ్లెక్టరే. గోడ వాలిస్తే ఆ తరంగాలు వేరే దిక్కుకి జారిపోతాయి.

అయితే ఇందులో ఒక నిరుత్సాహం ఉంది. రాడార్ తరంగం వెళ్లేటప్పుడు ఒకసారి పలచబడుతుంది, తిరిగొచ్చేటప్పుడు మరోసారి. అందువల్ల నౌక కనిపించే దూరం సగం కావాలంటే దాని ప్రతిఫలనం పదహారో వంతుకి పడిపోవాలి. నాలుగు వేల టన్నుల, 125 మీటర్ల ఉక్కుని మాయం చేయడం ఎవరి తరమూ కాదు. దాన్ని చిన్న పడవలా భ్రమింపజేసి కొంత సమయం సంపాదించడమే లక్ష్యం. పోరాటంలో ఆ కొద్ది నిమిషాల విలువ ఎంతో నావికులకే తెలుసు.

తేగ్ మొదలు వచ్చిన నౌకల్లో బ్రహ్మోస్ క్షిపణులు నిలువు గొట్టాల్లో నిలబడి ఉంటాయి. ధ్వనికి సుమారు 2.8 రెట్ల వేగం వాటిది. బ్రహ్మపుత్ర, మాస్క్వా నదుల పేర్లు కలిపి పెట్టిన పేరది. ఆ క్షిపణుల కూర్పు కేంద్రం ఒకటి మన హైదరాబాద్‌లో ఉంది. తుషిల్, తమాల్‌లలో స్వదేశీ భాగం 26 శాతం.

తుషిల్ నెమ్మదిగా ఇంటిదారి పట్టింది. డిసెంబరు 17న కాలినిన్‌గ్రాడ్ వదిలి, బాల్టిక్, అట్లాంటిక్ మీదుగా ఆఫ్రికా ఖండాన్ని చుట్టి, మధ్యలో రేవుల్లో ఆగుతూ, ఫిబ్రవరి 14న మన పడమటి తీరంలోని కార్వార్ చేరింది. చిన్న టర్బైన్లు పెట్టింది సరిగ్గా ఇలాంటి ప్రయాణాల కోసమే. కార్వార్‌కి పొరుగునే గోవా షిప్‌యార్డు. ఇదే నమూనాతో అక్కడ కడుతున్న త్రిపుట్‌ను తుషిల్ రాకముందే, 2024 జులైలో, నీళ్లలోకి దించారు. 2025 మార్చిలో రెండో నౌక తవస్యను దించారు.