మొదటి మెట్టు చెప్పని సంగతి

విశాఖపట్నంలో పెంకుటిళ్లు తగ్గి అపార్ట్‌మెంట్లు పెరిగినా అటక మాత్రం మన ఇళ్లను వదలలేదు. నేలకు దాదాపు 7 అడుగుల ఎత్తున గోడలోంచి ముందుకు వచ్చిన ఆ సన్నని కాంక్రీటు పలక మీద ఇత్తడి గంగాళాలూ పాత ట్రంకుపెట్టెలూ ఏడాదంతా ఉండి, సంక్రాంతి ముందు బూజు దులిపే రోజున కిందికి దిగుతాయి. వాటి కోసం వేసే నిచ్చెన అసలు ఎందుకు జారుతుందో తెలిస్తే, దాన్ని ఎలా అమర్చాలో చాలావరకు తెలిసినట్టే.

ఆనించిన నిచ్చెన ఎక్కినవారి బరువు దాదాపు మొత్తం నేల మీదే పడుతుంది. అటక అంచు మాత్రం నిచ్చెన పైకొసను అడ్డంగా వెనక్కి నెడుతుంది. ఆ తోపుడుకు సమానమైన ఘర్షణ కింద పాదాల దగ్గర దొరికినంతసేపే నిచ్చెన నిలుస్తుంది. మనిషి పైకి వెళ్లేకొద్దీ ఈ తోపుడు పెరుగుతుంది. 60 కిలోల మనిషి, నేలతో 60 డిగ్రీల కోణంలో వాలిన 8 అడుగుల నిచ్చెన మీద ఒక అడుగు మేర ఎక్కినప్పుడు అది సుమారు 4 కిలోల బరువుకు సమానం కాగా, పైకొస చేరేసరికి 35 కిలోలకు సమానమవుతుంది. అందుకే మొదటి మెట్టు మీద నిలబడి రెండుసార్లు ఊగి చూసి, గట్టిగానే ఉందని తేల్చేయడం నా దృష్టిలో పరీక్షే కాదు.

అదే నిచ్చెనను 75 డిగ్రీల వాలుకు తెస్తే పైకొస దగ్గర కూడా తోపుడు సుమారు 16 కిలోలే. ఎత్తులో నాలుగో వంతు దూరంలో పాదాలు ఉంచాలన్న నియమం ఈ లెక్కకు దగ్గరగా ఉంటుంది: 7 అడుగుల అటకకు 21 అంగుళాలు. ఈ కొలత గోడ నుంచి కాదు, అటక అంచుకు సరిగ్గా కింద ఉన్న చోటు నుంచి తీసుకోవాలి. మరీ నిటారుగా నిలిపితే మనిషి వెనక్కి ఒరిగే ప్రమాదం ఉంది. నున్నని టైల్స్ మీద కాస్త తడి ఉన్నా ఘర్షణ బాగా పడిపోతుంది. మా ఇంటి నిచ్చెనకు ఒక కాలి రబ్బరు తొడుగు అరిగిపోయి, లోపలి అల్యూమినియం గొట్టం అంచు నేలకు తగులుతున్న సంగతి టైల్ మీద నల్లని గీత పడ్డాక గానీ మేము గమనించలేదు.

అంచుకు బిగించే మడత నిచ్చెన విషయంలో కథ బోల్టుల దగ్గరికి మారుతుంది. డ్రిల్ వేసేటప్పుడు రాలే పొడి ఎర్రగా ఉంటే అది మట్టి ఇటుక. బూడిదరంగులో ఉంటే కాంక్రీటే అనుకోకూడదు, ఎందుకంటే ఇప్పుడు చాలా గోడలు ఫ్లైయాష్ ఇటుకలవి, వాటి పొడీ ఆ రంగులోనే ఉంటుంది. బిట్టు సులువుగా దిగిపోతోందా, మొరాయిస్తోందా అన్నదే నమ్మదగిన గుర్తు. పైనున్న సిమెంటు పూత బోల్టును పట్టదు కనుక ఆ మందాన్ని లెక్కలోంచి తీసేయాలి. గోడ నుంచి బయటికి నిలిచే పలకకు ముఖ్యమైన ఇనుము పైభాగంలో ఉంటుంది కాబట్టి, గోడకు దగ్గరగా పైనుంచి రంధ్రం వేయనివ్వకండి.

నిచ్చెన పూర్తిగా విప్పాక రెండు పాదాలూ నేలను ఆనాలి. ఒక పాదం కింద కాగితం సులువుగా దూరిందంటే, నేల మోయవలసిన బరువులో కొంత బోల్టులూ కీళ్లూ మోస్తున్నాయని అర్థం.

సముద్రం దగ్గరి ఇళ్లలో మరో చిక్కు ఉంది. ఉప్పు గాలిలోని క్లోరైడ్ అల్యూమినియంపై రక్షణ పొరను ఛేదిస్తుంది. పక్కనే మామూలు ఇనుప బోల్టు ఉంటే, తేమ వాటిని కలిపి చిన్న బ్యాటరీలా మార్చి అల్యూమినియంను తినేస్తుంది. మాలిబ్డినం కలిసిన 316 రకం స్టెయిన్‌లెస్ బోల్టులు తుప్పును బాగా తట్టుకుంటాయి, కానీ అవి కూడా అల్యూమినియంను నేరుగా తాకకుండా నైలాన్ వాషర్లు వేయించాలి. బోల్టు తల చుట్టూ అల్యూమినియం మీద తెల్లని పొడి పేరుకుంటే అది గోడ సున్నం కాకపోవచ్చు. తుడిచాక కింద గుంటలు కనిపిస్తే, ఆ బోల్టును విప్పి చూసేదాకా నిచ్చెన ఎక్కవద్దు.