కింగ్ ప్రసంగంలో ఎన్ని అలంకారాలు? అపోహలు - వాస్తవాలు

పరీక్షల కాలం వచ్చిందంటే నాకు ఒకే రకం ఫోన్లు, అన్నీ అమెరికా నల్లజాతివారి హక్కుల నేత మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ ప్రసంగం గురించే. "మేడమ్, 'ఐ హావ్ ఎ డ్రీమ్' ప్రసంగంలో మొత్తం ఎన్ని అలంకారాలున్నాయి? జాబితా ఉంటే పంపగలరా?" అడిగేది ఇక్కడి డిగ్రీ విద్యార్థి కావచ్చు, అమెరికాలో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) ఇంగ్లిష్ లాంగ్వేజ్ పరీక్ష రాయబోతున్న అమ్మాయి తండ్రి కావచ్చు. జాబితా నా దగ్గర లేదు, ఉన్నా పంపను. వాట్సాప్‌లో చేతులు మారే ఆ పేర్ల పీడీఎఫ్‌లు నేనూ చూశాను. వాటిని బట్టీ పట్టి రాసిన జవాబులను దిద్దేది నేనే కాబట్టి, వాటివల్ల ఎన్ని మార్కులు పోతాయో కూడా చూస్తున్నాను.

అపోహ: ఎన్ని అలంకారాలు పట్టుకుంటే అన్ని మార్కులు.

పిల్లలను తప్పు పట్టలేను. పదో తరగతి తెలుగు పేపరులో అలంకారాన్ని గుర్తించమనేవారు, లక్షణం చెప్పి సమన్వయం చేయమనేవారు. గుర్తించడం, లక్షణం అప్పజెప్పడం అలవాటయ్యాయి. అసలు ఆలోచించాల్సిన సమన్వయాన్నీ గైడు చూసి బట్టీ పట్టేశాం. ప్రసంగ విశ్లేషణలో ఎక్కువ మార్కులు ఆ సమన్వయానికే. అమెరికా కాలేజీ బోర్డు నిర్వహించే ఆ ఏపీ పరీక్షలో ఈ విశ్లేషణ వ్యాసానికి 6 మార్కులైతే, అందులో 4 ఆధారం చూపి వివరించినందుకు. ఊరికే పేరు చెప్పినందుకు ఏమీ రాదు.

"కింగ్ ఇక్కడ మెటఫర్ (రూపకం) వాడారు. ఇది ప్రసంగానికి అందాన్నిచ్చి శ్రోతలను ఆకట్టుకుంది." ఇలాంటి వాక్యాలు ప్రతి కట్టలోనూ కనిపిస్తాయి. దీన్ని తీసి ఏ ప్రసంగానికి అతికించినా అతుకుతుంది. అందుకే సున్నా.

బ్యాంకు చెక్కు పోలిక ఉన్న భాగాన్నే చూడండి. 1963 ఆగస్టు 28, వాషింగ్టన్, లింకన్ స్మారకం మెట్లు. ఎదురుగా సుమారు రెండున్నర లక్షల మంది. ఆ రోజు జరిగిన హక్కుల ప్రదర్శన పేరులోనే 'ఉద్యోగాలు, స్వేచ్ఛ' అని ఉంది. జూన్‌లో అధ్యక్షుడు కెనెడీ పంపిన పౌరహక్కుల బిల్లు అమెరికా చట్టసభ కాంగ్రెస్‌లో నానుతోంది. ఇంకొంచెం ఓపిక పట్టండని నల్లజాతివారికి నలువైపుల నుంచీ సలహాలు. అప్పుడు కింగ్ ఏమంటారు? రాజ్యాంగం, స్వాతంత్ర్య ప్రకటన రాసినవారు ప్రతి అమెరికన్ పేరునా ఒక ప్రోనోటు రాసిచ్చారు, నల్లజాతివారి విషయంలో అమెరికా ఆ మాట తప్పింది, వాళ్లకు చేతిలో పెట్టిన చెక్కు 'ఖాతాలో డబ్బు లేదు' అన్న ముద్రతో తిరిగొచ్చింది అంటారు.

ఈ భాగం చెబుతున్నప్పుడు మా క్లాసులో ఒక కుర్రాడు లేచాడు. వాళ్ల తాతగారు ఊళ్లో అప్పులిచ్చే మనిషి. "మేడమ్, నోటు చేతిలో ఉన్నవాడు బతిమాలడు, అడుగుతాడు" అన్నాడు. ఏ గైడులోనూ లేని విశ్లేషణ అది. కింగ్ ఒక్క పోలికతో మనుషుల స్థానాలు మార్చేశారు. దేహీ అని వచ్చినవాళ్లుగా కొందరు చూస్తున్న జనం అప్పిచ్చినవాళ్లయ్యారు, ప్రభుత్వం బాకీదారైంది. పైగా నోటు రాసినవారిని ఆయన పల్లెత్తు మాట అనలేదు. పత్రం గొప్పది, సంతకమూ చెల్లుతుంది, ఎగ్గొట్టింది మీరు అన్నారు. స్వాతంత్ర్య ప్రకటన రాసిన జెఫర్సన్‌ను పూజించే తెల్లవాడు దీన్ని కాదనాలంటే ముందు జెఫర్సన్‌ను కాదనాలి.

ఆ కుర్రాడు అక్కడితో ఆగలేదు. "మూడేళ్లు దాటితే ప్రోనోటుకు కాలదోషం పడుతుంది కదా, ఇక్కడ వందేళ్లయింది, మరి?" అన్నాడు. క్లాసంతా నవ్వింది కానీ, ప్రశ్న మాత్రం నిఖార్సైనది. చెక్కు ప్రస్తావనకు ముందే కింగ్ 'వందేళ్ల తరువాత' అని నాలుగుసార్లు అన్నారు. పీడీఎఫ్‌లో దానికి ఎదురుగా 'అనఫోరా' (వరుస వాక్యాలను ఒకే మాటతో మొదలుపెట్టడం) అని మాత్రమే ఉంటుంది. ఆ నాలుగుసార్లు చేసిన పని వేరు: బానిసలకు స్వేచ్ఛ ప్రకటిస్తూ లింకన్ ఇచ్చిన 1863 నాటి విముక్తి ప్రకటన నుంచి బాకీ ఎన్నాళ్లుగా పేరుకుపోయిందో లెక్క తేల్చారు. కాలం గడిచేకొద్దీ హక్కు కరిగిపోతుందన్న వాదన మొలకెత్తకుండానే తుంచేశారు. ఇంకా కింద చూడండి. ఈ చెక్కు అడిగిన వెంటనే చెల్లించాల్సినది అంటారు. ఆ వెంటనే వచ్చే మాట 'ఇప్పుడు'. 'ఇదే సమయం' అని మళ్లీ నాలుగుసార్లు. బ్యాంకు భాషలోని ఆ షరతే రాజకీయ డిమాండ్ అయింది. రూపకాన్ని ఒక పేరాలో, పునరుక్తిని మరో పేరాలో వేరు చేసి రాసే విద్యార్థికి ఈ ముడి ఎప్పటికీ కనిపించదు.

కిందటేడు డాలస్ నుంచి ఒక తండ్రి అర్ధరాత్రి దాటాక ఫోన్ చేశారు. కూతురు పేర్లన్నీ నేర్చుకుంది, మాక్ టెస్టులో మాత్రం మార్కులు రావడం లేదు, ఏడుస్తోంది అన్నారు. ఆ అమ్మాయికి తెలివి తక్కువ కాదు, ఎవరో తప్పుడు దారి చూపించారు, అంతే. కాగితం మూయించి, చివర్లో, ఏయే కొండల నుంచి స్వేచ్ఛ మోగాలో చెప్పే భాగం వినిపించాను. న్యూ హాంప్‌షైర్, న్యూయార్క్, పెన్సిల్వేనియా, కొలరాడో, కాలిఫోర్నియా. 'అంతేకాదు' అని ఒక మలుపు, తరువాత జార్జియాలోని స్టోన్ మౌంటెన్, టెనెసీ, మిసిసిపీ. కాసేపు ఆలోచించి "ఆయన దక్షిణాదికి దిగుతున్నారు" అంది. జాతివివక్ష బలంగా ఉన్న రాష్ట్రాలవి. నల్లజాతివారిపై దాడులు చేసే తెల్లజాతి దురహంకార ముఠా కు క్లక్స్ క్లాన్ 1915లో మళ్లీ ప్రాణం పోసుకున్నది ఆ స్టోన్ మౌంటెన్ మీదే అని చెప్పాను. 'ప్రకృతి వర్ణన' అని రాసుకున్న మాటను తనంతట తానే కొట్టేసింది. తల్లిదండ్రులకు ఒకటే మాట: ఇలా గట్టిగా చూసిన చోట్లు రెండో మూడో ఉంటే చాలు, నలభై పేర్లు అక్కర్లేదు. ఆ పరీక్షలో ఒక వ్యాసానికి ఇచ్చే వ్యవధి కూడా 40 నిమిషాలే.

మిగిలినవి త్వరగా.

అపోహ: కల గురించిన భాగం అప్పటికప్పుడు తోచింది. సగం నిజం. రాసుకొచ్చిన ప్రతిలో అది లేదు. వేదిక దగ్గరున్న గాయని మహలియా జాక్సన్ 'కల గురించి చెప్పు మార్టిన్' అని కేకేశారు, ఆయన కాగితం పక్కన పెట్టారు. అయితే 1962 నవంబరులో నార్త్ కరోలినాలోని రాకీ మౌంట్‌లో, 1963 జూన్‌లో డెట్రాయిట్‌లో ఆ కలను ఆయన అప్పటికే వినిపించారు. చర్చి ఉపదేశకుడి నోట నలిగిన పాఠం అది. సన్నద్ధత లేకుండా మాట్లాడటమే ప్రతిభ అని దీన్ని ఉదాహరణగా చూపేవారు దయచేసి మానుకోవాలి.

అపోహ: ఎవరినీ నొప్పించని మెత్తని ప్రసంగం. నల్లజాతివారికి హక్కులు దక్కేదాకా తిరుగుబాటు సుడిగాలులు ఈ దేశం పునాదులను కుదుపుతూనే ఉంటాయన్నారు. రెండు రోజులకే ఎఫ్‌బీఐ అధికారి విలియం సలివన్ ఒక మెమోలో, దేశ భవిష్యత్తుకు అత్యంత ప్రమాదకరమైన నీగ్రో ఈయనే అని రాశారు. మెత్తని ప్రసంగానికి అలాంటి మెమోలు పడవు.

అపోహ: ఈథోస్ (వక్త మీద నమ్మకం), పేథోస్ (భావోద్వేగం), లోగోస్ (తర్కం) - వీటికి తలా ఒక పేరా కేటాయించాలి. అక్కర్లేదు. పైన చెప్పిన చెక్కులో మూడూ కలిసే ఉన్నాయి, విడదీస్తే ఏదీ మిగలదు.

అపోహ: నెట్‌లో దొరికే ఏ ప్రతి అయినా ఒకటే. కాదు. కొన్నిటిలో పేరాలు ఎగిరిపోయి ఉంటాయి, కొన్నిటిలో రాసుకున్న మాటకూ పలికిన మాటకూ తేడా ఉంటుంది. ప్రసంగం దాదాపు 17 నిమిషాలు. ముందు శబ్దం వినండి, చేతిలోని ప్రతిని దానితో పోల్చుకోండి, ఆ తరువాతే పెన్సిల్ తీయండి.