రోమా ప్రజలు, ఐరోపా విధానాలు: అపోహలు - వాస్తవాలు

ఐరోపాలో సామాజిక అసమానతల గురించి మాట్లాడేవారెవరైనా ముందుగా రోమా ప్రజల (జిప్సీలని పిలవబడుతూ వచ్చిన, భారత ఉపఖండ మూలాలున్న జాతి) స్థితిగతులను చూడాలి. కోటి నుంచి కోటి 20 లక్షల వరకు ఉంటారని అంచనా వేసే ఈ ప్రజలు ఆ ఖండంలో అతిపెద్ద అల్పసంఖ్యాక జాతి. ఐరోపా సమాఖ్య (ఈయూ) ప్రాథమిక హక్కుల సంస్థ 2021లో జరిపిన సర్వేలో, పాల్గొన్న రోమాల్లో సగటున 80 శాతం మంది పేదరికపు ముప్పులో ఉన్నట్టు తేలింది. సమాఖ్య మొత్తానికి ఆ సగటు 17 శాతమే. రోమా సంఘాలతో కలిసి పథకాల అమలు మీద పనిచేస్తున్న నాకు తరచూ వినబడే అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ: రోమాలు సంచారులు. ఒకచోట నిలవని వారికి బడి, ఇల్లు, వైద్యం అందించడం సాధ్యం కాదు.

వాస్తవం: మధ్య, తూర్పు ఐరోపా రోమాల్లో అత్యధికులు తరతరాలుగా స్థిరనివాసులే. వారి పూర్వీకులు సుమారు వెయ్యేళ్ల క్రితం భారత ఉపఖండం నుంచి వెళ్లినవారన్నది నిజమే కాని, నేడు వారి వాడకు కుళాయి రాకపోవడానికి ఆ వలస కారణం కాదు.

అపోహ: వివక్ష కొందరి నోటి దురుసుతనం మాత్రమే. చట్టం దాన్నేమీ చేయలేదు.

వాస్తవం: బల్గేరియాలోని దూప్నిత్సా పట్టణంలో రోమాలు ఎక్కువగా నివసించే ఒక వాడ ఉంది. ఇతర ప్రాంతాల్లో కరెంటు మీటరును సుమారు 1.70 మీటర్ల ఎత్తున, అంటే మనిషి కంటికి ఆనేచోట బిగించే విద్యుత్ సంస్థ, ఇక్కడ మాత్రం చౌర్యాన్ని అరికట్టే పేరుతో స్తంభాల మీద ఆరేడు మీటర్ల ఎత్తున బిగించింది. అక్కడ కిరాణా కొట్టు నడుపుకునే ఒక మహిళ, తనకు వచ్చిన బిల్లు సరైనదో కాదో మీటరు చూసి తేల్చుకునే వీలే లేదని 2008లో ఫిర్యాదు చేశారు. ఆమె రోమా కాదు. అయినప్పటికీ, ఒక జాతిని ఉద్దేశించి చేపట్టిన చర్య వల్ల వారితో పాటు నష్టపోయిన ఇతరులకూ రక్షణ వర్తిస్తుందని లక్సెంబర్గ్‌లోని ఐరోపా సమాఖ్య న్యాయస్థానం 2015 జూలైలో స్పష్టం చేసింది. ఈ తీర్పుకు ఆధారం 2000లో వచ్చిన జాతి సమానత్వ ఆదేశం, అంటే సభ్యదేశాలు తప్పక అమలు చేయవలసిన సమాఖ్య చట్టం. వివక్ష జరిగిందని భావించడానికి తగిన ప్రాథమిక ఆధారాలను బాధితులు చూపగలిగితే, జరగలేదని నిరూపించుకోవలసిన భారం ఎదుటి పక్షం మీద పడుతుందన్న నిబంధన అందులో ఉంది. లోపలి రికార్డులన్నీ సంస్థ గుప్పిట్లో ఉండే ఇటువంటి వ్యవహారాల్లో సామాన్యుడికి ఇంతకన్నా అక్కరకు వచ్చే నిబంధన మరొకటి లేదని నా అభిప్రాయం.

అపోహ: బ్రస్సెల్స్ (సమాఖ్య ప్రధాన సంస్థలున్న నగరం) చెబితే సభ్యదేశాలు పాటించి తీరతాయి.

వాస్తవం: విద్య, వైద్యం, గృహవసతి ప్రధానంగా సభ్యదేశాల అధికార పరిధిలోనివి. రోమాల సమానత్వంపై 2021 మార్చిలో సభ్యదేశాల మండలి ఆమోదించిన పత్రం కేవలం సిఫార్సు, దాన్ని పాటించని దేశానికి శిక్ష లేదు. కోర్టు తీర్పులు కూడా వాటంతట అవే అమలు కావు. చెక్ దేశంలోని ఆస్ట్రావా నగరంలో ప్రాథమిక పాఠశాలల పిల్లల్లో రోమాలు 2.26 శాతం ఉండగా, మందబుద్ధి పిల్లల కోసమని నడిపిన ప్రత్యేక పాఠశాలల్లో వారు 56 శాతం ఉన్నారు. 18 మంది విద్యార్థులు వేసిన దావాలో స్ట్రాస్‌బర్గ్‌లోని మానవ హక్కుల న్యాయస్థానం (ఇది సమాఖ్యకు చెందినది కాదు) 2007లో దీన్ని వివక్షగా తేల్చింది. ఏడేళ్లు గడిచినా పరిస్థితి తగినంతగా మారకపోవడంతో, 2014లో సమాఖ్య కార్యనిర్వాహక సంస్థ అయిన ఐరోపా కమిషన్, జాతి సమానత్వ ఆదేశాన్ని ఉల్లంఘించిందంటూ చెక్ ప్రభుత్వంపై చట్టపరమైన చర్యలు ప్రారంభించవలసి వచ్చింది. ఏడేళ్లంటే ఒక పిల్లవాడి ప్రాథమిక విద్య పూర్తిగా గడిచిపోయే కాలం.

అపోహ: నిధులు పుష్కలంగా ఉన్నాయి కాబట్టి ఫలితాలు రాకపోతే తప్పు స్థానిక సంఘాలదే.

వాస్తవం: 2021-27 కాలానికి ఐరోపా సామాజిక నిధి ప్లస్ కింద సుమారు 9,900 కోట్ల యూరోలున్నాయి. సభ్యదేశాలు తమ వాటాలో కనీసం నాలుగో వంతును సామాజిక సమ్మిళితానికి, అంటే వెలివేతకు గురైనవారిని సమాజంలో కలుపుకోవడానికి వెచ్చించాలి. అయితే చాలా సందర్భాల్లో ముందు ఖర్చు పెట్టి, లెక్కలు చూపిన తర్వాతే సొమ్ము తిరిగి వస్తుంది. బ్యాంకులో నిల్వ లేని చిన్న సంఘం అద్దె, జీతాలు ఎక్కడి నుంచి కడుతుంది? అందువల్ల వాడ పేరు మీద వచ్చే ప్రాజెక్టు తరచూ వాడతో సంబంధం లేని పెద్ద సంస్థ చేతికి వెళుతుంది.

అపోహ: ప్రజలే నడిపించే కార్యక్రమమంటే జీతం లేని సేవ.

వాస్తవం: రుమేనియాలో రోమా మహిళలే జీతం మీద ఆరోగ్య మధ్యవర్తులుగా పనిచేస్తారు. 2002లో ఆరోగ్యశాఖ గుర్తింపు పొందిన ఈ వృత్తి మన ఆశా కార్యకర్తల పనికి దగ్గరగా ఉంటుంది. గుర్తింపు పత్రాలు లేని తల్లికి కాగితాలు సిద్ధం చేయించడం, కుటుంబాన్ని డాక్టరు దగ్గర నమోదు చేయించడం, టీకాల రోజున ఇంటింటికీ వెళ్లి పిల్లలను పోగుచేయడం వారి విధులు. వాడలో పుట్టినవారు కావడం వల్లే తలుపులు తెరుచుకుంటాయి. తర్వాత ఈ బాధ్యత స్థానిక సంస్థలకు బదిలీ కావడంతో చాలాచోట్ల వారి ఉద్యోగ భద్రత మేయరు ఇష్టాయిష్టాలకు లోబడింది. అందుకే ఏ ప్రాజెక్టు దరఖాస్తు మా దగ్గరకు వచ్చినా, మధ్యవర్తి జీతం ఏ పద్దులో ఉంది, ఐరోపా నిధి ముగిసిన మరుసటి నెల దాన్ని ఎవరు చెల్లిస్తారు అన్న రెండు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు అడుగుతాము.