వెన్నుపాముకు కణాల అతుకు: ఆశ ముందు, వైద్యం వెనుక

తాడిచెట్టు మీంచి పడ్డ గీత కార్మికుడైనా, ఔటర్ మీద కారు బోల్తాపడిన కుర్రాడైనా, నడుం కింద చచ్చుబడితే హైదరాబాద్ ఆస్పత్రుల్లో ఇంటివాళ్లు అడిగేది ఒకటే: "సార్, స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే నడుస్తాడా?" స్టెమ్ సెల్స్ అంటే మూలకణాలు, వేరే రకం కణాలుగా మారగలిగేవి.

చేతిలోనో కాలిలోనో నరం తెగితే మెల్లగా మళ్లీ పెరుగుతుంది. వెన్నుపాములో ఆ పని జరగదని స్పెయిన్ శాస్త్రవేత్త రామోన్ ఇ కహాల్ 1928లో తేల్చేశారు. అర్ధ శతాబ్దం పాటు అదే చివరి మాట. 1981లో కెనడాలోని మాంట్రియల్‌లో డేవిడ్, అగ్వాయో అనే శాస్త్రవేత్తలు ఎలుకల కాలి నరం ముక్కను మెదడు కింది భాగానికీ వెన్నుపాముకూ మధ్య వంతెనలా అతికించారు. నరపోగులు అందులోకి పాకి దాదాపు 3 సెంటీమీటర్లు పెరిగాయి. అంటే తప్పంతా నరకణానిది కాదు, దాని చుట్టుపక్కల ఉన్నదానిది కూడా.

ఆ తర్వాత చూపు ముక్కు మీద పడింది. వాసన నరాలు పెద్దయ్యాక కూడా కొత్తవి పుడుతుంటాయి, వాటిని దారి పట్టించే కణాలు పక్కనే ఉంటాయి. 1997లో లండన్‌లో శాస్త్రవేత్త రైస్‌మన్ బృందం ఈ కణాలతో ఎలుకల్లో తెగిన నరపోగులను మళ్లీ పెరిగేలా చేసింది. ఇక మనుషుల వంతు. 2002లో బ్రిస్బేన్‌లో మొదలైన చిన్న ట్రయల్ 'ప్రమాదం కనపడలేదు' అన్నదే తప్ప నడిపిస్తామనలేదు. ఈ కణాలు ఎక్కించుకోవడానికి బీజింగ్‌కు మాత్రం విదేశీ రోగులు క్యూ కట్టారు. అలా వెళ్లొచ్చిన ఏడుగురిని బయటి డాక్టర్లు పరీక్షించి 2006లో నివేదిక ఇచ్చారు: చెప్పుకోదగ్గ మేలు లేదు, ఐదుగురికి మెనింజైటిస్ (మెదడు, వెన్నుపాము పొరల వాపు) వంటి ఇబ్బందులు వచ్చాయి. లిస్బన్‌లో ముక్కు పొర అతికించుకున్న ఒకావిడకైతే ఎనిమిదేళ్లకు వెన్నులో గడ్డ కట్టింది. కోసి చూస్తే లోపల చీమిడిలాంటి జిగురు!

మన ఊళ్లో 'స్టెమ్ సెల్స్' అన్న మాటకు గిరాకీ ఊరికే రాలేదు. ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి 2001 నుంచి మూలకణాలతో కాలిన కళ్లకు చూపు తెప్పిస్తోంది. అది నిజమైన విజయమే. కానీ అక్కడ బాగు చేసేది కంటి పైపొరను. వెన్నుపాములో తెగిన పోగు పెరిగితే చాలదు, సరైన చోటికి చేరాలి. ఈ తేడా కరపత్రాల్లో కనపడదు. రక్త సంబంధ జబ్బులకు చేసే మార్పిడి తప్ప, అనుమతి పొందిన ట్రయల్ బయట మూలకణాలు ఎక్కించకూడదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాలు చెబుతున్నాయి. 2013లో వాటి పేరులోంచి 'థెరపీ' అన్న మాటనే తీసేశారు. ట్రయల్ అయితే రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు కూడా.

తాజా ఆశ జపాన్ నుంచి. కెయో విశ్వవిద్యాలయం నలుగురికి ఐపీఎస్ కణాల (మామూలు కణాలను వెనక్కి తిప్పి చేసిన మూలకణాలు) నుంచి తయారైన కణాలు ఎక్కించి 2025లో ఫలితాలు చెప్పింది: ఒకరు సొంతంగా నిలబడ్డారు, మరొకరికి కొంత కదలిక వచ్చింది, మిగతా ఇద్దరిలో పెద్ద మార్పు లేదు. ఆ కణాలు ఎక్కించింది దెబ్బ తగిలిన రెండు నుంచి నాలుగు వారాల్లోపే. ఇక్కడ స్టెమ్ సెల్స్ కోసం ఆస్తులమ్మే కుటుంబాలు చాలావరకు ఏళ్లు గడిచాక వచ్చేవే.